సూర్యుడికి నల్లంచు కాగితం

ఆ రోజు సెప్టెంబరు ఆరో తేదీ, విడిపోయిన దేశం ఒకటైన ఏకీకరణ పండుగ. ఏడో బ్లాకు జనమంతా మధ్యాహ్నం కెబాప్చె తిన్నారు. మసాలా కలిపిన మాంసాన్ని వేళ్ళంత చుట్టలుగా చేసి, బొగ్గుల మీద కాల్చి, రొట్టెముక్కతో కాగితప్పళ్ళెంలో పెట్టి ఇచ్చింది నగరపాలక సంస్థ. తినేవాళ్ళ ముందు ఒకడు కెమెరా పట్టుకుని నిలబడ్డాడు. నవ్వుతూ నమలమన్నాడు. జనం నవ్వుతూ నమిలారు.

మాంసం బాగానే ఉంది. అబద్ధం చెప్పకూడదు.

ఉపమేయరు దెస్పోతోవ్ వేదికెక్కాడు. మెడలో తువ్వాలంత పట్టు టై, చేతిలో కత్తెర. అతని పక్కన గుత్తేదారు బకాలోవ్. ఇద్దరి పొట్టలూ ఒకే దర్జీ కొలిచి కుట్టినట్టు ఉన్నాయి. వాళ్ళ తలల పైన, తొమ్మిదంతస్తుల బ్లాకు కప్పు మీద, కొత్త సౌరపలకలు నీలంగా మెరుస్తున్నాయి.

"నేటి నుంచి సూర్యుడు అందరివాడు!" అన్నాడు దెస్పోతోవ్.

ఆ మాట ఆయన సొంతం కాదు, పోస్టరు మీదిది. ఆ పోస్టరును అచ్చువేసింది ఏడో బ్లాకు కింది అంతస్తులో చిన్న ముద్రణ దుకాణం నడిపే రుసి. వేసవి ముందు నగరపాలక సంస్థ మనుషులు ఇంటింటికీ తిరిగారు. మీ కప్పు మాకివ్వండి, పలకలు మేం పెడతాం, ఆ కరెంటుతో మీ లిఫ్టు నడుస్తుంది, మెట్ల దగ్గర దీపాలు వెలుగుతాయి, మీ ఇళ్ళ బిల్లులు తగ్గుతాయి అన్నారు. నేతమిల్లు మూతపడ్డాక ఆ బ్లాకులో కరెంటు బాకీ లేని కుటుంబం లేదు. లిఫ్టుకు, మెట్ల దీపాలకు కరెంటు కోసేసి ఏడాది దాటింది. జనం కప్పు ఇచ్చారు. కప్పు తాళంచెవి కూడా ఇచ్చారు. వచ్చిన వాళ్ళకు కాఫీ ఇచ్చారు.

దెస్పోతోవ్ రిబ్బను కత్తిరించి, ఎర్ర మీట నొక్కాడు. చప్పట్లు. రుసి మెల్లగా లోపలికి వెళ్ళి లిఫ్టు మీట నొక్కాడు. లిఫ్టు రాలేదు.

పైన ఏడో అంతస్తు బాల్కనీలోంచి తాడు కట్టిన బుట్ట ఒకటి ఊగుతూ కిందికి దిగింది. దాని వెనకే గొంతు దిగింది.

"సూర్యుణ్ణి తర్వాత పంపుదువుగాని, ముందు మాంసం పంపవయ్యా ఉపమేయరూ! అంతా మీరే మేస్తారా?"

అది వెలికా. నేతమిల్లులో ముప్పయ్యేళ్ళు మగ్గాల మధ్య అరిచి అరిచి ఆ గొంతు అలా అయింది. చక్కెరజబ్బుకు ఒక కాలు పోయింది. రెండోదానికి పుండు. వారానికోసారి దవాఖానాకు వెళ్ళి కట్టు మార్పించుకోవాలి. లిఫ్టు ఆగినప్పటి నుంచి ఆమె కిందికి రావాలంటే నలుగురు మగాళ్ళు చక్రాల కుర్చీతో సహా మోయాలి. ఆ నలుగురూ ఒకేసారి దొరికిన వారం ఆమెకు కట్టు మారుతుంది. దొరకని వారం మారదు.

జనం నవ్వారు. దెస్పోతోవ్ కూడా నవ్వాడు, పళ్ళతో మాత్రమే. ఎవరో బుట్టలో రెండు కెబాప్చె వేశారు.

జెండాలు మడిచి, వేదిక విప్పుతుండగానే బ్లాకు వెనక సంగీతం మొదలైంది. అక్కడ బకాలోవ్ కార్లు కడిగే దుకాణం కట్టాడు. గుండ్రటి బ్రష్షులు తిరుగుతున్నాయి. రంగుల దీపాలు పట్టపగలే వెలుగుతున్నాయి. మూడో అంతస్తులో ఉండే ఎలక్ట్రీషియన్ ఇల్కో నోట్లో సిగరెట్టు పెట్టుకుని, గోడ వెంట వేలితో ఒక నల్లటి తీగను చూపించుకుంటూ వచ్చాడు. అది కప్పు మీద మొదలై, తొమ్మిది వంటిళ్ళ కిటికీల పక్కగా జారి, తిన్నగా ఆ దుకాణంలోకి దూరింది.

"మన నెత్తిమీద మొలిచి వాడి దొడ్లో కాసింది," అన్నాడు ఇల్కో.

రుసి ఆ తీగ వెంట కప్పు దాకా చూశాడు. అతను నెమ్మది మనిషి. కాలేజీలో చరిత్ర చదివి, చావుల మీద బతుకుతున్నవాడు.

అతని బతుకుతెరువు నల్లంచు కాగితాలు. ఆ నగరంలో ఎవరైనా పోతే, ఫొటోతో, నల్లటి అంచుతో కాగితం అచ్చువేసి ఇంటి గుమ్మానికి, బస్సు ఆగేచోట చెట్లకు, రొట్టెల దుకాణం గోడకు అంటిస్తారు. నలభయ్యో రోజున ఒకటి, ఆరు నెలలకు ఒకటి, ఆపైన ఏటేటా ఒకటి. ఆ కాగితాన్ని ఎవరూ చింపరు. వానే తడపాలి, గాలే తీసుకుపోవాలి. తాగి గొడవచేసేవాడు కూడా దాన్ని తప్పించి పక్క గోడను గుద్దుతాడు. చేతిలో డబ్బు లేనివాళ్ళు వస్తే రుసి, "మిషను సరిచూసుకుంటుంటే నాలుగు ఎక్కువ పడ్డాయమ్మా, పారేయడం దేనికి, తీసుకెళ్ళు," అనేవాడు. ఆ మిషను ఎప్పుడూ సరిచూసుకోవలసిన స్థితిలోనే ఉండేది.

ఏడో బ్లాకు గుమ్మం అద్దం మీద అతని భార్య నెవెనా ఆరు నెలల కాగితం ఉంది. ఫొటోలో ఆమె నవ్వు ఆపుకుంటోంది.

*

ముగ్గురు కలిసి నగరపాలక సంస్థకు వెళ్ళారు. రుసి, ఇల్కో, రెండో అంతస్తు లెక్కల మాస్టారు. దెస్పోతోవ్ వాళ్ళను నిలబెట్టే మాట్లాడాడు. కుర్చీలు ఉన్నాయి. వాటి మీద సూర్యుడి బొమ్మల టోపీలు పేర్చి ఉన్నాయి.

"ఇది మొదటి దశ," అన్నాడు. "మీ వాటా రెండో దశలో."

"రెండో దశ ఎప్పుడండీ?" అన్నారు మాస్టారు.

"మొదటిది విజయవంతం కాగానే."

"అయిందో లేదో ఎవరు తేలుస్తారు?"

"నివేదిక వస్తుంది."

"ఎవరు రాస్తారు?"

"బకాలోవ్ గారే రాస్తారు. ఆయన కంటే బాగా ఎవరికి తెలుసు?"

ఇల్కో నవ్వాడు. దెస్పోతోవ్‌కు అందులో నవ్వేందుకు ఏముందో నిజంగానే అర్థం కాలేదు. వెళ్ళేటప్పుడు ముగ్గురికీ తలా ఒక టోపీ ఇప్పించాడు. ఆ బాపతు మనుషులు దొంగతనం చేశాక కూడా కానుక ఇవ్వడం మరచిపోరు.

ఆ సాయంత్రం మెట్ల మీద సభ జరిగింది. ఏడో బ్లాకులో సభలు ఎప్పుడూ మెట్ల మీదే. ఎవరి గుమ్మంలో వాళ్ళు నిలబడతారు. మాట అంతస్తులు ఎక్కుతూ, దిగుతూ పోతుంది. దీపాల్లేవు గనుక ఎవరి మొహం ఎవరికీ కనబడదు. అంతస్తే మనిషి పేరు. మిరపకాయలు కాల్చే రోజులవి. ప్రతి గుమ్మంలోంచీ కమురువాసన, దాని వెనక వెల్లుల్లి వాసన.

"ఇంకో అర్జీ పెడదాం," అంది రెండో అంతస్తు.

"పెట్టు. టోపీ లేనివాళ్ళకి టోపీలొస్తాయి," అంది ఐదో అంతస్తు.

"తీగ కోసేస్తే పోలా?" అంది తొమ్మిదో అంతస్తు.

"కోస్తే నీకు వచ్చేదేంటి? వాడి దుకాణం ఆగుద్ది, నీ లిఫ్టు కదలదు. కొయ్యడం కాదు, తిప్పాలి," అన్నాడు ఇల్కో. "తిప్పడానికి నేను చాలు. పోలీసులొస్తే మాత్రం నేనొక్కణ్ణి చాలను. అప్పుడు తలుపులేసుకుంటారా, బయటికొస్తారా? అది చెప్పండి ముందు."

పైన ఎక్కడో ఒక తలుపు గొళ్ళెం కిర్రుమంది. తలుపులు మూసుకోవడం అక్కడి వాళ్ళకు అలవాటే. మిల్లు అమ్మేసినప్పుడు మూసుకున్నారు. లిఫ్టు ఆపినప్పుడు మూసుకున్నారు. మూసుకున్న ప్రతిసారీ బయట ఏదో ఒకటి పోయింది.

ఏడో అంతస్తు దగ్గింది.

"మీరు దేనికిరా ఏడుస్తున్నారు? ఆ సూర్యుడు చచ్చాడు. కత్తెర పడ్డ రోజే చచ్చాడు. చచ్చినవాడి కోసం అర్జీ పెడతారా ఎవరైనా? నల్లంచు కాగితం వేస్తారు. రుసీ! ఉన్నావా కింద? అచ్చెయ్యి."

నవ్వు తొమ్మిదంతస్తులూ దొర్లుకుంటూ కిందికొచ్చింది. కింద ఒక్కడే నవ్వలేదు.

"వెయ్యను అక్కా," అన్నాడు రుసి. "నల్లంచు నవ్వులాటకి కాదు."

"నవ్వులాట మొదలెట్టింది నేనా?"

"వాళ్ళే. అయినా సరే, వెయ్యను."

"సరే నాయనా," అంది వెలికా. గొంతులో కోపం లేదు. "రేపు నా కుర్చీ ముందు కాళ్ళు నువ్వు పట్టుకో. కనీసం అది చెయ్యి."

మరునాడు నలుగురు మోశారు. మెట్లు దిగుతున్నంతసేపూ ఆమె వాళ్ళను తిడుతూనే ఉంది. "ఏరా ఇల్కో, పెళ్ళికూతుర్ని మోసినట్టు మొయ్యరా, బీరువాని కాదు." నాలుగో అంతస్తు కిటికీ దగ్గర ఊపిరి పీల్చుకోవడానికి ఆగారు. కిటికీలోంచి వెనక దుకాణం కనిపించింది. బ్రష్షులు తిరుగుతున్నాయి. వాటి మధ్య నురగలో మునిగి, తలుపు మీద నగర చిహ్నంతో, ఒక నల్లకారు. దెస్పోతోవ్ పక్కన నిలబడి ఐస్‌క్రీము తింటున్నాడు.

"మన సూర్యుడు బానే కష్టపడుతున్నాడే," అంది వెలికా. "చక్రాల సందులు కూడా వదలట్లేదు."

దవాఖానాకు చేరేసరికి వేళ దాటిపోయింది. నర్సు కోటు తొడుక్కుని, తాళం వేసి, గుమ్మంలోనే కూర్చుని ఉంది. వీళ్ళను చూసి ఒక్క మాట అనకుండా మళ్ళీ తాళం తీసింది. కట్టు మారుస్తూ మాత్రం రుసితో మెల్లగా అంది: "వారం తప్పితే ఈ కాలు కూడా తీసేస్తారు బాబాయ్. నేను ప్రతిసారీ కూర్చుంటాను. మీరు తీసుకురాగలరా?"

తిరిగి ఎక్కేటప్పుడు ఐదో అంతస్తు దగ్గర రుసి చెయ్యి జారింది. కుర్చీ ఒరిగింది. ఆమె కాలు ఇనుప కమ్మీకి కొట్టుకుంది. కొత్త కట్టులోంచి ఎర్రటి మచ్చ మెల్లగా పెద్దదైంది. అప్పటిదాకా ఆగని నోరు ఆగిపోయింది.

"ఏం కాలేదు, పదండి," అంది కాసేపటికి.

రుసి ఆమెను ఇంట్లో దింపి, మెట్లు దిగి, దుకాణం తెరిచి, మిషను ముందు కూర్చున్నాడు. తన పోస్టరులోని సూర్యుడి బొమ్మనే తీసుకున్నాడు. బుగ్గలతో నవ్వుతున్న సూర్యుడు. చుట్టూ నల్లంచు పెట్టాడు. పెడుతుంటే చెయ్యి ఒకసారి ఆగింది. మళ్ళీ కదిలింది.

"తీరని దుఃఖంతో తెలియజేస్తున్నాము. మా అందరివాడు సూర్యుడు సెప్టెంబరు ఆరున, మా కప్పు చేరిన రోజునే, ఉపమేయరు గారి చేతుల్లో కన్నుమూశాడు. భౌతికకాయాన్ని కార్లు కడిగే దుకాణంలో ఉంచారు. పూలు తేవద్దు, కార్లు తెండి. దుఃఖిస్తున్నవారు: ఏడో బ్లాకు, చీకట్లోని మెట్లు, ఆగిన లిఫ్టు."

*

రెండు రోజుల్లో ఆ కాగితం నగరమంతా ఉంది. బస్సు ఆగేచోట్ల, రొట్టెల దుకాణాల గోడల మీద, నగరపాలక సంస్థ ఎదుట చెట్లకు. జనం ముందు ఆగేవారు, అలవాటుగా తల వంచేవారు, చదివేవారు, తర్వాత తలెత్తి నవ్వేవారు. ఆ నవ్వు వెనకే వాళ్ళకు తమ కప్పు గుర్తొచ్చేది. పదకొండో బ్లాకు నుంచి ఒక రొట్టెలు కాల్చేవాడు దుకాణానికొచ్చాడు.

"మా సూర్యుడు కూడా పోయాడు బాబాయ్. మా కప్పు తీగ బకాలోవ్ శీతలగిడ్డంగిలోకి పోతోంది. మాకూ ఒకటి వేసిపెట్టు."

పంతొమ్మిదో బ్లాకు నుంచి ఇద్దరు ఆడవాళ్ళొచ్చారు. విద్యార్థుల వసతిగృహం నుంచి ఒక గుంపొచ్చింది. కప్పులిచ్చిన ప్రతి బ్లాకులోనూ సూర్యుడు చచ్చాడు. ఎవరికి వాళ్ళు తమ సూర్యుడొక్కడే చచ్చాడనుకుని ఇంట్లో కుమిలారు. గోడల మీద చావులన్నీ పక్కపక్కన చేరాక తేలింది, అన్నిటికీ హంతకుడొకడేనని.

కాగితాలు పీకెయ్యమని వీధులూడ్చేవాళ్ళకు ఆజ్ఞ వచ్చింది. వాళ్ళలో పెద్ద ఫాంకా. చీపురు భుజానికి ఆనించి, మేస్త్రీ మొహంలోకి చూసింది.

"నల్లంచు నేను పీకను."

"అది చావు కాదే, వెక్కిరింత!"

"చావో కాదో చదివి చెప్పడానికి నాకు జీతమిస్తున్నారా? చెత్త ఊడ్చమన్నారు, ఊడుస్తున్నా. నల్లంచు మీద చెయ్యేస్తే రేపు నాకెవరు అంటిస్తారు కాగితం? నువ్వు పీక్కో."

మేస్త్రీ చేతులు జేబుల్లో పెట్టుకున్నాడు. ఊడ్చేవాళ్ళలో ఒక్కరూ కదల్లేదు. ఇదివరకు ఏ సంఘమూ చేయించలేని సమ్మె అది. ఆ రోజు దానికి ఎవరూ సమ్మె అని పేరు కూడా పెట్టలేదు.

దాంతో దెస్పోతోవే బయల్దేరాడు. మధ్యాహ్నం ఎండలో కారు దిగి, దాన్ని వెనక దుకాణానికి కడగడానికి పంపి, ఇద్దరు పోలీసులతో, బకాలోవ్‌తో ఏడో బ్లాకు గుమ్మం ముందుకొచ్చాడు. జనం అప్పటికే పోగయ్యారు. ఇల్కో, ఫాంకా, పదకొండో బ్లాకు రొట్టెలవాడు, విద్యార్థులు. మిరపకాయలు కాలుస్తున్న ఆడవాళ్ళు చేతులకు మసితోనే వచ్చారు. రుసి దుకాణం గుమ్మంలో నిలబడ్డాడు.

"మీకు సిగ్గులేదా?" అన్నాడు దెస్పోతోవ్. "నగరం మీకు సూర్యుణ్ణి ఇచ్చింది!"

"ఇచ్చావు, తీసుకున్నావు. మధ్యలో మేం చప్పట్లు కొట్టాం," అన్నాడు ఇల్కో.

"ఒక్కరికీ ఓపిక లేదు. రెండో దశ అన్నానా లేదా? మీలాంటి వాళ్ళకి ఎంతిచ్చినా ఇంతే!"

"చూడండి, నేను పీకుతాను, నాకేమవుతుందో," అంటూ దెస్పోతోవ్ గుమ్మం అద్దం మీద చేతులు వేశాడు. ఒక సూర్యుణ్ణి చింపాడు. ఇంకొకదాన్ని చింపాడు. జనం గొణిగారు. అతనికి ఊపొచ్చింది. చూడకుండానే మూడోదాన్ని పట్టుకుని మూల నుంచి మూలకు చర్రున లాగాడు.

గొణుగుడు ఆగిపోయింది. మసి చేతుల ఆడవాళ్ళలో ఒకామె నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

దెస్పోతోవ్ తన చేతిలోకి చూసుకున్నాడు. నవ్వు ఆపుకుంటున్న ఒక ఆడమనిషి మొహం, సగం. మిగతా సగం అద్దానికి ఉంది.

రుసి గుమ్మం దిగి వచ్చాడు. చెయ్యి చాచాడు. దెస్పోతోవ్ ఆ ముక్కను ఇచ్చేశాడు. ఒక క్షణం అతని మొహంలో మనిషిలాంటిదేదో కనబడింది. వెంటనే ఉద్యోగం దాన్ని మింగేసింది.

"ఇంకోటి అచ్చేసుకో," అన్నాడు. "ఖర్చు నగరం ఇస్తుంది."

పోలీసుల్లో చిన్నవాడు మెల్లగా టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. పెద్దవాడు అతన్ని చూసి, కాస్త ఆగి, తనూ తీశాడు.

"ఇల్కో," అన్నాడు రుసి. ఆ గొంతులో అంత గట్టిదనం ఉందని అతనికే తెలియదు. "పైకి పద. నేనూ వస్తున్నా."

"ఆపండి వాళ్ళని!" అన్నాడు బకాలోవ్.

పోలీసులు టోపీలు పట్టుకుని నిలబడే ఉన్నారు. జనం మెట్లెక్కారు. ఇల్కో ముందు, రుసి వెనక, వాళ్ళ వెనక ఫాంకా చీపురుతో సహా. ఒక్కో అంతస్తులో తలుపులు తెరుచుకున్నాయి. రెండో అంతస్తు మాస్టారు కళ్ళజోడు సర్దుకుంటూ కలిశారు. ఏడో అంతస్తులో వెలికా కుర్చీని గుమ్మం దాకా తోసుకొచ్చి, ఒక్కొక్కర్నీ పేరుపెట్టి తిడుతూ పైకి పంపింది. "తొందరగా నడువు మాస్టారూ, లెక్క తర్వాత చెప్దువుగాని!" కప్పు తలుపుకున్న కొత్త తాళాన్ని విద్యార్థులు విరగ్గొట్టారు. ఏడాదిగా చీకట్లో ఎక్కి దిగిన జనం ఎండలోకొచ్చి, కళ్ళు చికిలించుకుని, తమ కప్పు మీద తాము నిలబడ్డారు.

ఇల్కో పని చేస్తున్నంతసేపూ వాళ్ళు అతని చుట్టూ గోడలా నిలబడ్డారు. కింద సంగీతం చటుక్కున ఆగింది. బ్రష్షులు ఆగాయి. నురగ మధ్యలో నల్లకారు ఇరుక్కుపోయింది. డ్రైవరు తలుపు తెరవబోతే బ్రష్షు అడ్డమొచ్చింది.

తర్వాత బ్లాకు కడుపులో ఏదో మూలిగింది. ఇనుప తాళ్ళు కదిలాయి.

"వస్తోంది!" అని నాలుగో అంతస్తు అరిచింది. "ఐదు దాటింది!"

ఏడో అంతస్తులో లిఫ్టు తలుపు తెరుచుకుంది. వెలికా కాసేపు లోపలికి వెళ్ళలేదు. ఆ చిన్న దీపం కేసి చూస్తూ కూర్చుంది. చిరాగ్గా కళ్ళు తుడుచుకుంది.

"లోపల ఊడ్చలేదేం? ఫాంకా ఎక్కడ చచ్చింది?" అంది.

ఎవరూ మోయకుండా ఆమె కిందికి దిగింది. ఎవరూ మోయకుండా దవాఖానాకు వెళ్ళి కట్టు మార్పించుకుని వచ్చింది.

సాయంత్రానికి వేరే పోలీసులొచ్చారు, ఈసారి వ్యానుతో. ఇల్కోను తీగ తిప్పినందుకు పట్టుకున్నారు. రుసి మీద మోపిన నేరం వేరు: నల్లంచును వెక్కిరింతకు వాడి, మృతుల జ్ఞాపకాన్ని అవమానించాడట. ఫిర్యాదు చేసినవారు ఉపమేయరు దెస్పోతోవ్. అది చదువుతున్న అధికారి సగంలో దగ్గాడు, కానీ పూర్తిచేశాడు.

"అచ్చువేసింది నేను కూడా," అంది ఫాంకా ముందుకొచ్చి.

"నేనూ," అన్నాడు రొట్టెలవాడు.

"మా వసతిగృహమంతా," అన్నారు విద్యార్థులు.

"కప్పెక్కింది నేను. రాసుకోండి," అన్నారు లెక్కల మాస్టారు. తన మాటకు తనే అదిరిపడ్డారు.

వ్యానులో అంతమందికి చోటు లేదు. ఇద్దరినే ఎక్కించుకున్నారు. ఎక్కేముందు రుసి దుకాణం తాళాలు వెలికా ఒళ్ళో పెట్టాడు.

"మిషను ఎడంపక్క మీట గట్టిగా నొక్కాలి అక్కా. పంతొమ్మిదో బ్లాకు వాళ్ళది ఇంకా పూర్తికాలేదు."

"తెలుసులే. పోయి పడుకో. అక్కడ తిండి మానకు."

వ్యాను వెళ్ళిపోయింది. జనం వెళ్ళలేదు. ఫాంకా మిషను దగ్గర కూర్చుంది. విద్యార్థులు కాగితం అందించారు. ముందు నెవెనా కాగితాన్ని కొత్తగా అచ్చువేసి గుమ్మం అద్దానికి అంటించారు. తర్వాత పంతొమ్మిదోది. తర్వాత, కప్పు మీద తీగ ఎలా తిప్పాలో వివరించే కాగితం ఒకటి, కప్పులిచ్చిన అన్ని బ్లాకుల కోసం. దానికి నల్లంచు లేదు.

పొద్దు వాలింది. మెట్ల దగ్గర దీపం సన్నగిల్లి ఆరిపోయింది. లిఫ్టు కూడా ఆగిపోయింది.

"అయ్యో అవ్వా, నిన్ను పైకి పంపడం మర్చేపోయాం," అన్నాడు ఒక విద్యార్థి. "ఉండు, నలుగురం మోసుకెళ్తాం."

"అక్కర్లేదు. ఈ రాత్రికి ఇక్కడే ఉంటా, రేపు ఎండొచ్చాక నేనే వెళ్తా," అంది వెలికా. "మీరు పొండి. పొద్దున్నే అన్ని బ్లాకులకీ తిరగాలి."

వాళ్ళు కాగితాల కట్టలు చంకన పెట్టుకుని వెళ్ళిపోయారు. వెలికా మిషను మీద గుడ్డ కప్పింది. కుర్చీని గుమ్మం దాకా తోసుకొచ్చి, వీధిని ఒకసారి అటూ ఇటూ చూసి, చప్పుడు కాకుండా లోపలి నుంచి దుకాణం తలుపు మూసింది.